నీలచంద్రుని లోయ

పటములో లేని దేశమునకు ప్రయాణము చేయుటకు బండి చార్జీ అక్కరలేదు, మూటముల్లె అక్కరలేదు, పిల్లల నెవరికి ఒప్పగించి పోవుదమను చింతయు లేదు. అట్టి ప్రయాణమొకటి, వంటయిల్లు సర్దుకొన్న పిమ్మట దీపము చెంత కూర్చుండి, ఆరు రాత్రులలో ముగించితిని. ఆ దేశము పేరు షాంగ్రిలా. జేమ్స్ హిల్టన్ అను ఆంగ్ల రచయిత 1933లో ప్రకటించిన ‘లాస్ట్ హొరైజన్’ అను నవలలో దానిని సృష్టించెను. 1937లో ఫ్రాంక్ కాప్రా ఆ కథను చలనచిత్రముగా తీసెను. అది కల్పిత దేశమే. అయినను దానికి కొండలను, నీటిని, ఎండను రచయిత అమర్చిన పొందిక చూచినచో భూగోళశాస్త్రము చదివిన వారికి ముచ్చట కలుగును.

మార్గము చెప్పెదను. 1931 మే నెలలో బస్కుల్ అను పట్టణమున కల్లోలము పుట్టగా, నలుగురు ప్రయాణికులు పెషావరు పోవుటకు విమానమెక్కిరి. అందొకతె స్త్రీ. విమానము దారి మార్చి, కారకోరం శిఖరములు దాటి, టిబెట్టులోని నిర్జనమైన పీఠభూమిపై దిగెను. నడిపినవాడు మరణించెను. దిక్కు తోచక యున్న వారికి చాంగ్ అను చీనా వృద్ధుడు డోలీలో ఎదురువచ్చి దారి చూపెను. ఒకరి నొకరు త్రాళ్లతో కట్టుకొని, కొండగోడకు తొలిచిన ఇరుకు బాటపై మంచులో నడచి, వారు కనుమ దాటిరి.

కనుమ దాటగానే కారకాల్ అను శిఖరము కనబడును. ఆ పేరునకు నీలచంద్రుడని అర్థమట. దాని ఎత్తు 28,000 అడుగులకు పైన; అనగా ఎవరెస్టునకు చెల్లెలి వరుస. దాని ప్రక్క కొండవాలున మఠము. మఠమునకు క్రింద, వేల అడుగుల లోతున, లోయ. సాగునేల సుమారు 12 మైళ్ల పొడవు. వెడల్పు ఒకచోట మైలు, మరియొకచోట ఐదు మైళ్లు. పైన ఎముకలు కొరికెడు చలి. దిగిన కొలది వెచ్చదనము. అడుగున తోటలు, పైరులు.

ఇది సాధ్యమా యని మీరడుగవచ్చును. వేయి మీటర్లు పైకెక్కినచో వేడిమి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గును. దిగినచో అంత హెచ్చును. చుట్టునున్న కొండలు చలిగాలి నడ్డగించును. కరగిన మంచు కాలువలకు నీరిచ్చును. అయితే గోడలు చలిని ఆపినట్లే ఎండను కూడ ఆపును. ఇరుకులోయలో ప్రొద్దు ఆలస్యముగా పొడిచి త్వరగా క్రుంకును. అందుచేతనే రచయిత ఆ లోయకు మధ్యాహ్నపుటెండ తప్పక పడునట్లు ఏర్పరచెను. మన అరకులోయయు కొండల నడుమనే యున్నది. విశాఖపట్టణమునుండి సొరంగముల గుండ రైలులో పోవువారికి అది చల్లగా తోచును. ఏలయన సముద్రతీరమునుండి సుమారు 900 మీటర్లు ఎక్కుదురు. షాంగ్రిలా చేరువారు పైనుండి దిగుదురు గనుక వారికది వెచ్చన. సూత్రమొక్కటే.

ఆ లోయలో బంగారము దొరకును. దానితో మఠమువారు పుస్తకములు, పియానో, అమెరికాలో చేసిన పింగాణి స్నానపు తొట్టె సైతము తెప్పించుకొనిరి. వర్తకులు సరకును లోయ వెలుపలనే అప్పగించి పోవలెను. లోయలోని కొన్నివేల జనులు పండించినదే మఠమున వండుదురు. ఆ తొట్టెను కనుమపై మోసిన వారెవరో యను ప్రశ్న, ఇల్లు నడపు మనకు తప్పక కలుగును.

అయినను నా మనస్సును పట్టుకొన్నది లో-సెన్ అను మంచూ రాచకన్నె. 1884లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, తుర్కిస్తాను రాజకుమారుని పెండ్లాడుటకై కాష్గరు పోవుచుండగా, బోయీలు దారి తప్పిరి. ఆమె యీ లోయ చేరెను. పెండ్లి తప్పెను, పుట్టినిల్లును తప్పెను. 47 ఏండ్లు గడచినను ఆమె ముఖమున అదే లేబ్రాయము. మఠవాసులకు ముసలితనము మిక్కిలి మెల్లగా వచ్చుట అక్కడి మహిమ. ఆమె వాద్యము వాయించును, మాటాడుట అరుదు. ఆమె మనసులోని కోరికను మనము పరుల నోటనే విందుము. తుదకొక యువకునితో ఆమె కనుమ దాటెను. కొంతకాలమునకు చీనాలోని యొక ఆసుపత్రికి, రోగియైన కథానాయకుని ఒక పండు ముదుసలి తెచ్చి చేర్చెను. ఆమె యెవరో ఊహించుట రచయిత మనకే విడిచెను.

పుస్తకము మూసినంతనే నాకు స్వయంప్రభ జ్ఞప్తికి వచ్చెను. రామాయణమున సీతను వెదకు వానరులు దప్పికచే ఋక్షబిలమున జొరబడిరి గదా! అందును బంగారు వృక్షములు, కొలనులు, మేడలు. జొచ్చినవాడు ప్రాణములతో వెలువడుట దుర్లభము. అయినను దానిని కాచు తపస్విని వారికి ఫలములిచ్చి, కనులు మూసికొనుడని చెప్పి, నిమిషములో వెలుపల నిలిపెను. సుఖస్థానములు రెండును ఒక్కతీరువే. ఒకదానిలో అతిథిని నిలుపుకొనుటకు యుక్తులు పన్నిరి. రెండవదానిలో కాపున్న స్త్రీ త్రోవ చూపెను.

మా మేనత్తయు పదునెనిమిదవ యేట అత్తవారింటికి పోయి, నలుబదియేండ్లు ఆ ఊరి పొలిమేర దాటలేదు. పాడిపంటలకు కొదువ లేదు. నగలకు లోటు లేదు. అందరును అదృష్టవంతురాలనిరి. కాలము చేయుటకు ముందు ఆమె నన్నడిగినది ఒక్కటే: “అమ్మాయీ, సముద్రము ఎట్లుండును?” మా ఊరికి సముద్రము పది కోసులే.

2001లో చీనావారు యున్నాన్ రాష్ట్రములోని ఝోంగ్డియన్ అను ఊరికి, యాత్రికులు వత్తురను ఆశతో, షాంగ్రిలా యని పేరు మార్చిరి. అది 3,200 మీటర్ల ఎత్తున నున్నది. 2014 జనవరిలో అక్కడి పాతపేటలో నిప్పంటుకొని, రెండు వందలకు పైగా ఇండ్లు కాలిపోయెను, మరల కట్టుకొనిరి. నిజమైన ఊరు కాలును, నిలుచును, ముసలిదగును. దానికి రాకపోకలకు దారియు నుండును.

సోదరీమణులారా! మన యిండ్లును చుట్టు కొండలున్న లోయలవంటివే. చలిగాలి రానీయకుండ గోడలు కట్టుకొందము, తప్పులేదు. కాని కనుమ మూయవలదు. ఈ వేసవిలో మా అమ్మాయిని సముద్రమునకు తీసికొనిపోవుచున్నాను. మేనత్తగారి కోడలిని కూడ రమ్మని వ్రాసితిని.