క్రీడాఫలకముపై చక్రకోట్యము

చదరంగమున ఇరుపక్షముల బలములును సమానములు. తెల్లవానికి ఎన్ని బంట్లో నల్లవానికిని అన్నియే. పులిజూదమున అట్లు గాదు. మూడు పులులు ఒకవైపు, పదునైదు మేకలు ఒకవైపు. పులి దాటి చంపును; మేక చంపనేరదు, గుమిగూడి పులిని కదలనీయక కట్టివేయును. మన దేవాలయముల మండపములలో రాతిపరపుపై గీచియున్న ఆ గీతలను జూచినవారికి, అసమబలములతో సమమైన ఆటను కూర్చుట ఎంత పాత విద్యయో వేరుగ చెప్ప బనిలేదు. నేటి కంప్యూటరు వ్యూహక్రీడలలో 'నాగరికత' అను పేర జరుగుచున్నది ఈ పనియే. వంతులు లేక ఇరువురును ఒకే కాలమున పల్లెలు నిలిపి, కట్టెలు గొట్టి, సేనలు గూర్చుకొని పోరాడు క్రీడలివి. ఒక్కొక్క పక్షమునకు ఒక చారిత్రకజాతి పేరు పెట్టుదురు. దానికొక విశేషసేన, ఒక విశేషవిద్య, ఒక మహానిర్మాణము, ఒక భాష ఏర్పరుతురు. పులికెంత, మేకకెంత అని తూచినట్లే వీనిని తూచుదురు.

ఇట్టి క్రీడలలో మిక్కిలి ప్రసిద్ధమైన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ క్రీడ 1999లో వెలువడినపుడు అందు 13 నాగరికతలుండెను. బ్రిటనులు, ఫ్రాంకులు, పారసీకులు, మంగోలులు, జపానీయులు ఉండిరి, భారతీయులు లేరు. 2013 నాటి అనుబంధమున 'ఇండియన్స్' అను ఒక్క పేర ఈ దేశమంతయు చేరెను. ఆ అనుబంధమును కూర్చినవారు తొలుత ఆ క్రీడను అభిమానముతో ఆడుచు, తమంత తాము అందు మార్పులు చేసికొనుచుండిన ఆటగాండ్రే యగుట గమనింపదగినది. 2022 ఏప్రిల్‌లో ఆ ఒక్క పేరు నాలుగైనది: హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు.

ఇందలి నాలుగవ పేరు భాషాశాస్త్రజ్ఞులు ఆగి చూడవలసినది. ద్రావిడశబ్దము ప్రాచీనమే యైనను, దానిని ఒక భాషాకుటుంబమునకు నామముగ స్థిరపరచినది 1856లో వెలువడిన కాల్డ్వెల్ వ్యాకరణము. వ్యాకర్త భాషలకు పెట్టిన పేరు క్రీడలో ఒక జాతికి పేరైనది. ఆ జాతిసైనికులు తమిళము మాట్లాడుదురు. వారి విశేషఖడ్గము కేరళపు ఉరుమి, విశేషనౌక తమిళపు తిరిసడై, విశేషవిద్య ఉక్కు. ఈ ఉక్కువిద్య నేర్చిన సేనల వ్రేటును కవచములు ఆపజాలవు. ఉక్కు అను మాట తెనుగు కన్నడములు రెంటికిని సొంతము. నిజామాబాదు మండలమందలి కోనసముద్రమున 19వ శతాబ్దిలో గూడ ఆ ఉక్కును కరగించుచుండిరనియు, దానికై పారసీకవర్తకులు అచటికి వచ్చుచుండిరనియు నాటి వర్ణనలవలన దెలియుచున్నది. తెలుగువాని కొలిమి అందున్నది గాని, తెలుగువాని పేరు లేదు. కాకతీయులకు వేరొక స్థానము లేదు. ఆటగాండ్రకు నాలుగు పేర్లే చాలవచ్చును. కాని ఈ పేరు ఎంతవరకు నిలుచునో పరీక్షింపగోరి, ఐదవ నాగరికతను కూర్చుటకు బూనుకొన్న రూపకర్త ఒకడున్నాడనుకొందము. అతనికి దంతెవాడకంటె కఠినమైన పరీక్షాస్థలము అరుదు.

దంతెవాడ బస్తరు దక్షిణభాగమున శంఖినీ డంకినీ సంగమమునొద్ద నున్నది. నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమందలి ఒక జిల్లాకు కేంద్రము. 11వ శతాబ్దిలో ఈ సీమ చక్రకోట్యరాజ్యము. ఛిందకనాగులు దాని ప్రభువులు. భోగవతీపురవరాధీశ్వరులమని చెప్పుకొనిరి, దూడతో గూడిన పులి వారి లాంఛనము. పులిజూదము తెలిసిన రూపకర్తకు ఈ చిహ్నము కనబడగనే సగము పని తీరినట్లు తోచును. అంతేగాక ఈ రాజ్యము ఆ క్రీడకు పూర్తిగ క్రొత్తదియు గాదు. రాజేంద్రచోళుని విజయపరంపర అందొక కథగా కూర్చబడినది; ఆ రాజేంద్రుని తమిళప్రశస్తి తాను గెలిచిన దేశములలో శక్కరకోట్టమును గూడ లెక్కించినది. తరువాతి కాలమున కులోత్తుంగుడును యువకుడై యుండగనే ఇచట యుద్ధము చేసెను, వయిరాగరమున ఏనుగులను పట్టుకొనెను. చాళుక్య విక్రమాదిత్యుని దండయాత్రలలోను బిల్హణుడు చక్రకోటను పేర్కొనెను. అనగా ఈ రాజ్యము పరుల ప్రశస్తులలో ఓడినదిగనే కనబడును. ఓడినవాని పక్షమున నిలిచి ఆడుటకు వీలు కల్పించుట ఇట్టి క్రీడలు చేయగల మంచి పనులలో ఒకటి.

చిక్కు భాషయొద్ద మొదలగును. ఈ క్రీడలో మనిషిని తాకినంతనే 'చిత్తము', 'పోవుచున్నాను' అనునట్టి మాటలతో తన భాషలో బదులు పలుకును. దంతెవాడమనిషి ఏ భాషలో పలుకవలెను?

రాళ్లు ముందుగా తెలుగనును. దంతెవాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరమున, ఇంద్రావతి చేరువను బారసూరు గలదు. అచటి 1060 నాటి తెలుగు శాసనము, నాగరాజగు జగదేకభూషణ ధారావర్షుని సామంతుడైన చంద్రాదిత్యుడు శివాలయము కట్టించి చెరువు త్రవ్వించెనని చెప్పుచున్నది. ఈతడు కరికాలుని వంశమువాడనని చెప్పుకొన్న తెలుగుచోడుడు. సోమేశ్వరదేవుని పట్టమహిషి గంగమహాదేవియు ఇచట రెండు శివాలయములు కట్టించి, ఒకదానికి భర్తపేర వీరసోమేశ్వరమనియు, రెండవదానికి తనపేర గంగాధరేశ్వరమనియు నామకరణము చేసెను. ఆమె శాసనమును తెలుగే. ఇంతవరకు రూపకర్తకు సంతోషమే. కాని ఇంద్రావతీతీరముననే నారాయణపాలమున గుండమహాదేవి వేయించిన 1111 నాటి శాసనము నాగరిలిపిలోని సంస్కృతము. ఒకే వంశము, ఒకే నది, యాబది యేండ్ల ఎడము. రెండు భాషలు, రెండు లిపులు. చక్రకోట్యపు రాజసభ రెండు నాలుకలతో పలికినదనుటయే సత్యము. పట్టికలో గడి ఒకటే యున్నది.

సుమారు రెండు శతాబ్దుల పిదప ఓరుగల్లు కూలినది. 1323 అనంతరము ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు అడవిదారిని బస్తరు చేరి రాజ్యము స్థాపించెనని ఆ వంశపు సంప్రదాయము. దేవి అతని వెనుక నడచివచ్చుటకు అంగీకరించెననియు, వెనుదిరిగి చూడరాదని కట్టడి చేసెననియు, ఏటియిసుకలో అందెలు కూరుకొని సవ్వడి ఆగగా అతడు తిరిగి చూచెననియు, ఆమె అచటనే నిలిచి దంతేశ్వరియైనదనియు కథ. ఓరుగంటి తెలుగును అతనితోడనే వచ్చి యుండును. అదియు అందెలవలెనే ఇసుకలో నిలిచిపోయినదో యేమో, నాలుగు వందల యేండ్లు దిరుగునప్పటికి వినబడదు.

దీనికి సాక్ష్యము దంతెవాడ గుడిలోనే యున్నది. 1703లో దిక్పాలదేవుడు నవరంగపురపు కోటను గెలిచిన పిదప సకుటుంబముగ దేవీదర్శనమునకు వచ్చి రెండు శిలాశాసనములు వేయించెను. వేలకొలది దున్నలను మేకలను బలియిచ్చుటచే శంఖినీజలము ఐదుదినములు ఎఱ్ఱబారెనని అందున్నది. మైథిలుడైన భగవాన్ మిశ్రుడు దానిని సంస్కృతమున రచించెను. కలియుగమున సంస్కృతము చదువనేర్చినవారు తక్కువగుదురు గావున భాషలోను వ్రాయబడినదని రెండవశిల తానే హేతువు చెప్పుకొన్నది. ఆ 'భాష' తెలుగు గాదు, ఉత్తరాది హిందీ. వంశక్రమమున ఓరుగల్లును భక్తితో తలచిన ఆ శిలలు ఓరుగంటి భాషను తలపలేదు. సంస్కృతము రానివారికొరకు వ్రాసినదియు దంతెవాడలో చుట్టునున్నవారు మాట్లాడు భాష గాకపోవుట మరియొక వింత.

ఆ చుట్టునున్నవారి మాట యేది? కొండలలోను మైదానములలోను గోండీభేదములు; దక్షిణమున కోంటవైపు తెలుగుతో రాసికొనిన దోర్లీ; ధుర్వాల పర్జీ; వీరందరి నడుమ సంతమాటగ నిలిచి, రాజ్యవ్యవహారమునకును ఎక్కిన హల్బీ. పర్జీకి బరో, భట్టాచార్యులు 1953లో సమగ్రవర్ణనము వెలువరించిరి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వర్గీకరణమున గోండీ తెలుగుతోబాటు దక్షిణమధ్యశాఖకును, పర్జీ మధ్యశాఖకును చెందును. కాల్డ్వెల్ పెట్టిన పేరునకు వీరు నిక్కమైన హక్కుదారులు. ఐనను ఆ పేరుగల క్రీడాజాతిలో వీరి మాట ఒక్కటియు లేదు. భాషాకుటుంబపు పేరును జాతిపేరుగ చేసినపుడు, ఆ కుటుంబమున శాసనములు లేనివారు ముందుగ జారిపోవుదురు.

ఇక విశేషసేన. దండామిమారియాల చిత్రమును జూచిన యే రూపకర్తయు చేయి నిలుపుకొనలేడు. అడవిదున్నకొమ్ములు, ఈకల కుచ్చు, ముఖముపైకి వ్రేలాడు గవ్వలసరములు. ఇంతకంటె అద్భుతమైన శిరస్త్రాణము ఇంకెక్కడ దొరకును? కాని అది శిరస్త్రాణము గాదు. పెండ్లిండ్లలోను పండుగలలోను పెద్దడోలు మెడను వ్రేలవైచుకొని ఆడునప్పటి అలంకారము. గ్రిగ్‌సన్ తన 1938 నాటి గ్రంథమున వారికి ఆ కొమ్ములపేరే పెట్టెను. ఆ కొమ్ములను ఈటెవాని తలపై నుంచుటవలన పెండ్లి యుద్ధమగును. అంతకంటెను లోతైన తప్పిదము వేరొకటి కలదు. రాజులకు 11వ శతాబ్దిదే ఆధారమును వాడి, ప్రజలకు 20వ శతాబ్ది ఛాయాచిత్రమును వాడుట! రాజు మారుచుండును, అడవిమనిషి మారడు అను భావము ఆ ఒక్క బొమ్మలో దూరి కూర్చుండును. ఆడు బాలురకు ఎవరును దానిని బోధింపనక్కరలేదు, వందసారులు చూచినంతనే అది చరిత్రయగును. దంతెవాడబాలుడే ఆ క్రీడను ఆడినచో, తన తాత పెండ్లికొమ్ములు శత్రువుపై దూకుట జూచి గర్వించునో, నవ్వునో.

సంపద విషయమునను క్రీడానియమము బస్తరునకు అడ్డుపడును. ఈ క్రీడలో ఆహారము, కలప, బంగారము, రాయి అని నాలుగే సంపదలు, ఇనుము లేదు. బైలదిల్లా కొండల ఇనుపరాతికొరకే 1960వ దశకమున కొత్తవలసకును కిరందూలునకును రైలుదారి వేయబడినది, ఆ రాయి విశాఖ రేవునకు దిగుచున్నది. అట్టి సీమను క్రీడలో పెట్టినచో దాని ముఖ్యధనము కనబడనే కనబడదు. ఇది సర్దుకొనవచ్చును. అడవిమాట సర్దుకొనరానిది. క్రీడలో చెట్టనగా నూరుపాళ్ల కలప. నరికినది తిరిగి మొలవదు. ఎవడు త్వరగా నరికిన వానిది పైచేయి. 1905లో ప్రభుత్వము బస్తరు అడవులలో మూడింట రెండువంతులను తన రక్షణక్రిందికి తీసికొనదలచినపుడు, పోడును వేటను సేకరణను ఆపదలచినపుడు, 1910లో భూమకాల్ పుట్టినది. మామిడిరెమ్మ, మట్టిబెడ్డ, మిరపకాయలు, బాణములు ఊరూరికి తిరిగెను; నేతానారువాడైన ధుర్వా గుండాధూరు పేరు నేటికిని పాటలలో నున్నది. తిరుగుబాటు అణచబడెను. ఐనను అడవిని ఆక్రమించుపని కొంతకాలము నిలిచి, తలపెట్టిన విస్తీర్ణము సుమారు సగమునకు తగ్గెను. 1910 ఆ క్రీడాకాలమునకు వెలుపలిదే. కాని చెట్టును నిలుపుకొనుటకై పోరిన జనముపేర, చెట్లు నరికి గెలుచు పక్షమును తయారుచేయుట ఏ కాలమునకైనను పొసగదు.

ఇన్ని చిక్కులున్నవని పని మానుకొనుమని అతనికి చెప్పరాదు. మానినచో ఆ స్థానమున కొమ్ములబొమ్మయే వచ్చి కూర్చుండును. కొన్నింటిని అతడు నిశ్చయింపగలడు. పేరు చక్రకోట్యము, 'గోండులు' గాదు, 'బస్తరు' గాదు. కాలము రాజేంద్రుని దండయాత్రనుండి అన్నమదేవుని రాకవరకు. ధ్వజముపై దూడతోడి పులి. మహానిర్మాణము బారసూరున రెండు గర్భాలయములతో నిలిచియున్న బత్తీసా గుడి. రాతిగుడి కట్టించినవారిలో ఒక రాణి యున్నదని ఆటగాడు చదువుటకు ఒక వాక్యము చేర్చవచ్చును. అడవికి క్రొత్తనియమము: ఈ పక్షమువారు నిలిచియున్న చెట్టునుండి ఇప్పపూవు, చింతపండు, తునికాకు కొద్దికొద్దిగ ఎంతకాలమైనను తెచ్చుకొందురు, నరికినచో ఆ రాబడి పోవును. శత్రువు వచ్చి వారి అడవిని నరికినచో, ఇల్లు కాల్చినంత నష్టము. పులిజూదపు మేకలవలె వీరు చంపుటకంటె చుట్టుముట్టుటయందు గట్టివారగుదురు. తూనిక కుదురునో లేదో ఆడి చూడవలెను.

సేనానికి, గుడికట్టు స్థపతికి, కోటకావలికి శాసనకాలపు తెలుగు పెట్టవచ్చును. పండితులు పలుకుబడి సరిచూడగలరు. పల్లెమనిషికి మాత్రము ఆ తెలుగు పెట్టరాదు. ఆనాటి గోండీ గాని పర్జీ గాని వ్రాతలో దొరకదు. దంతెవాడసంతకు పోయి, నేడు మాట్లాడువారిని అడిగి, వారి గొంతుతోనే 'ఏమి కావలె?' అను మాటను పట్టుకొని రావలెను. ఏ భాషలో పలుకవలెనో వారే చెప్పుదురు; నలుగురు నాలుగు చెప్పవచ్చును. అంతవరకు పట్టికలో గంపనెత్తిన ఆ మనిషికెదుట భాష అని యున్న గడి ఖాళీగ నుండును.