కదిలే ఇంట్లో వేణ్ణీళ్లు

కోనసీమ దిండిలో హౌస్‌బోటు ఎక్కినవాళ్లు రాత్రి పొద్దుపోయేదాకా డెక్కు మీదే కూర్చుంటారండి. చించినాడ వంతెన మీద పోయే లారీల దీపాలు చూసుకుంటూ, కొబ్బరికాయ ధర దగ్గర్నుంచి కోడిపందేల దాకా మాట్లాడుకుంటారు. తెల్లారి ఐదున్నరకి, వశిష్ఠ గోదావరి మీద మంచు ఇంకా లేవకముందే, అన్ని గదుల్లోంచీ ఒకటే కేక: వేణ్ణీళ్లు రావట్లేదు! సరంగు వంటవాడిని పిలుస్తాడు, వంటవాడు ఒడ్డునున్న ఎలక్ట్రీషియన్‌కి ఫోను చేస్తాడు. అతను నిద్రకళ్లతోనే తీర్పు చెప్పేస్తాడు: "ఆయ్, కాయిల్ పోయుంటాదండి, మార్చెయ్యాలి."

ఈ ఒక్కమాట మీదే ఇవాళ మీతో మాట్లాడాలని ఉంది. కాయిల్ పోవడం అబద్ధమని కాదు. పోతుంది. కాకపోతే దాన్ని పోగొట్టినదేదో చూడకుండా కొత్తది బిగిస్తే, అదీ ఆ దారినే పోతుంది.

మనిళ్లల్లో వెనకటికి ఈ బాధ లేదు. పెరట్లో రాగి కాగు, కింద ఎండిన కొబ్బరి డొక్కలు, నాలుగు కమ్మలు. కాగుకి చిల్లు పడితే తప్ప చెడిపోయేదేమీ లేదు. గీజరు వచ్చాక కూడా నేల మీది ఇంట్లో పెద్ద తంటా రాలేదు, ఎందుకంటే కరెంటు ఎప్పుడూ ఒక్క స్తంభం నుంచే వస్తుంది, నీళ్లు ఎప్పుడూ ఒక్క ట్యాంకు నుంచే దిగుతాయి. కేరళ కెట్టువళ్లాల, అంటే పడవ ఇళ్ల, పద్ధతిలో కట్టిన బోటు అలా కాదు. రేవులో ఉంటే జెట్టీ కరెంటు, నది మధ్యలో జనరేటరు, అర్ధరాత్రి జనరేటరు ఆపితే ఇన్వర్టరు. నీళ్లు సొంత ట్యాంకులోంచి పంపు తోస్తే రావాలి. అమెరికాలో మన పిల్లలు వేసుకు తిరిగే ఆర్వీలున్నాయే, చక్రాల మీద ఇళ్లు, వాటి సంసారమూ ఇంతే. కదిలే ఇంట్లో గీజరుకి వచ్చే రోగాల్లో ఎక్కువభాగం గీజరు బయటే పుడతాయి.

ముందు కరెంటు సంగతి చూద్దాం. మామూలు 15 లీటర్ల గీజరు మీద 2000 వాట్లు అని రాసుంటుంది కదండీ, ఆ లెక్క 230 వోల్టులు వచ్చినప్పటిది. పాతిక డిగ్రీల నీళ్లు అరవైకి చేరడానికి అప్పుడు పద్దెనిమిది నిమిషాలు చాలు. జెట్టీ మీద సన్నటి కేబులు యాభై గజాలు లాగి, దాని చివర 180 వోల్టులే వస్తున్నాయనుకోండి. వోల్టేజీ తగ్గింది ఐదో వంతే, వేడి మాత్రం నూటికి దాదాపు నలభై వంతులు తగ్గిపోతుంది. 2000 వాట్ల గీజరు 1200 వాట్ల గీజరైపోతుంది. ఆ పద్దెనిమిది నిమిషాలు కాస్తా అరగంట. ఇంట్లో అలవాటు ప్రకారం పావుగంటకే కుళాయి తిప్పిన అతిథికి గోరువెచ్చటి నీళ్లు వస్తాయి. గీజరు ఏ తప్పూ చెయ్యలేదు. అందుకే మల్టీమీటరు చేతిలోకి తీసుకున్నవాడు మొదట పెట్టాల్సింది గీజరు ప్లగ్గు దగ్గర. అదీ గీజరు నడుస్తుండగా. లోడు లేనప్పుడు 230 చూపించిన ప్లగ్గే లోడు పడగానే కిందికి జారిపోతుంది.

జనరేటరుది ఇంకో కథ. 5 కేవీఏ అని రాసున్నది నికరంగా ఇచ్చేది 4000 వాట్లు. రెండు గదుల్లో ఏసీలు తిరుగుతుంటే మూడువేల పైచిలుకు వాటికే పోతుంది. ఆపైన ఒక గీజరు వేస్తే జనరేటరు మూలుగుతుంది, రెండో గీజరు వేస్తే ఆగిపోతుంది. అందుకని సరంగు ఎవరికీ చెప్పకుండా బోర్డులో గీజర్ల స్విచ్చి, అదే ఎంసీబీ, దించేస్తాడు. పాపం, అతని తప్పేం లేదు, బోటు చీకటైపోతే తిట్లు తినేది తనే. ఇక ఇన్వర్టరు మీద గీజరు వేసే ఆలోచనే వద్దు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 2000 వాట్లు లాగాలంటే నూటఅరవైకి పైగా ఆంపులు కావాలి. మామూలు ఇన్వర్టరు అంత మొయ్యలేక ఆగిపోతుంది. పెద్దదై మోసినా ఒక్క ట్యాంకు కాగేసరికి 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో మూడో వంతు ఖాళీ.

దీనికి మందు చాలా సులువు, ఎవరూ వాడరెందుకో. గీజరంటే నీళ్లు కాచేదే కాదండీ, వేడిని దాచేది కూడా. ట్యాంకు చుట్టూ ఫోము ఉంటుంది. కరెంటు పొదుపు చూసే ప్రభుత్వ సంస్థ బీఈఈ వాళ్లు గీజరు మీద అతికించే నక్షత్రాలు చెప్పేది కూడా అదే: ఇరవైనాలుగు గంటల్లో ట్యాంకులోంచి ఎంత వేడి పారిపోతుందని. మంచి నక్షత్రాలున్న గీజరుని సాయంత్రం రేవు దగ్గర జెట్టీ కరెంటు మీద బాగా కాచి పెట్టుకుంటే, తెల్లారి ఒక స్నానానికి సరిపోయే వేడి ఉంటుంది. లేదా ఐదింటినుంచి ఒక్కో గదికీ ఇరవై నిమిషాల చొప్పున వంతులు వెయ్యొచ్చు. సరంగు గదిలో గోడకి ఒక చీటీ అతికిస్తే చాలు.

కరెంటు సరిగ్గా ఉండి, దీపం వెలుగుతూ ఉండి, నీళ్లు మాత్రం మంచులా ఉన్నాయంటే అప్పుడు మూత విప్పాలి. ప్లగ్గు పీకి, ఆ తర్వాతే విప్పాలి. చాలా గీజర్లలో దీపం కాయిల్ పక్కన సమాంతరంగా కలిపి ఉంటుంది. దీపం వెలిగిందంటే కరెంటు కాయిల్ గుమ్మం దాకా వచ్చిందని అర్థం, లోపలికి పోయిందని కాదు. కాయిల్ తీగలు విప్పి రెండు కొసల మధ్య మీటరు పెడితే 2000 వాట్ల కాయిల్ సుమారు 26 ఓములు చూపించాలి. అసలు కదలకపోతే కాయిల్ తెగిందన్నమాటే. 26 చూపిస్తే దాని జోలికి పోకండి.

దీపమే వెలగకపోతే వరస వేరు. థర్మోస్టాట్ పక్కన కటౌట్ అని ఉంటుంది, నీళ్లు మరిగే స్థితికి రాకముందే కరెంటు తెంచేసే కాపలాదారు. చిన్న బొత్తాం నొక్కితే మళ్లీ కూర్చుంటుంది. ఒకసారి నొక్కండి, పర్వాలేదు. రెండోసారీ అది పైకి లేచిందంటే మాత్రం లోపల థర్మోస్టాట్ అతుక్కుపోయి కరెంటు ఆపడం మానేసిందనో, నీళ్లు లేకుండా కాయిల్ కాలుతోందనో చెబుతోంది. దాన్ని తప్పించి తీగ నేరుగా కలిపే మహానుభావుల్ని నా కళ్లతో చూశాను. ఒకవైపు కటౌట్ తీసేసి, ఇంకోవైపు కారుతోందని సేఫ్టీ వాల్వుకి బిరడా బిగిస్తే ఆ ట్యాంకు బాంబే. పదిహేను లీటర్ల నీళ్లు పాతిక నుంచి అరవైకి కాగితే ఓ గ్లాసుడు మేర పెరుగుతాయి. నీళ్లని వెనక్కి పోనివ్వని వాల్వు ఉన్నప్పుడు ఆ పెరిగిన గ్లాసుడూ సేఫ్టీ వాల్వు నుంచి చుక్కచుక్కగా పోవాల్సిందే. కాగేటప్పుడు మాత్రమే కారితే అది ఆరోగ్యం. పగలూ రాత్రీ కారుతుంటే చూపించండి.

నీళ్లు లేకుండా కాయిల్ కాలడం అన్నాను కదా, దాన్ని అంత తేలిగ్గా వదిలెయ్యను. మా మేనల్లుడు మిచిగన్‌లో పాత ఆర్వీ ఒకటి కొన్నాడు. చలికాలమంతా కవరు కప్పి ఉంచి, వసంతంలో భార్యాపిల్లల్ని వేసుకుని మొదటిసారి బయల్దేరాడు. క్యాంపు చేరగానే ఫోను.

"మావయ్యా, నీళ్లు కాగట్లేదు. కాయిల్ ఆర్డరు పెట్టేశాను."

"పెడితే పెట్టావు గానీ, వేడి కుళాయిలో నీళ్లు జోరుగా వస్తున్నాయా?"

"బ్రహ్మాండంగా వస్తున్నాయి. చల్లగా."

"సరే, స్విచ్చి ఆపేసి బయట తలుపు తియ్యి. సేఫ్టీ వాల్వు మీట ఎత్తు. ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు మావయ్యా."

"ట్యాంకు మీద తట్టు."

"డొల్లగా ఉంది!"

అక్కడ చలికి గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి పగలకుండా, చలికాలం ముందు గులాబీరంగు ద్రవం ఒకటి ఎక్కిస్తారు. ఇరవైరెండు లీటర్ల హీటరు ట్యాంకు నిండా అది పోయడం దండగ కాబట్టి, హీటరుని ఖాళీ చేసి బైపాస్ వాల్వు తిప్పేస్తారు. నీళ్లు హీటరులోకి పోకుండా అడ్డదారిన వేడి గొట్టంలోకి వెళ్లిపోతాయి. వసంతంలో ఆ వాల్వు వెనక్కి తిప్పాలి. తిప్పకుండా స్విచ్చి వేస్తే ఖాళీ ట్యాంకులో కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది. వాడి కాయిల్ నిజంగానే పోయింది. వాల్వు చూడకుండా కొత్తది బిగించి ఉంటే దానికీ అదే గతి. అక్కడి హీటర్లకి గ్యాసు పొయ్యి కూడా ఉంటుంది కాబట్టి, వాల్వు తిప్పి ట్యాంకు నింపుకుని ఆ ప్రయాణమంతా గ్యాసు మీద లాక్కొచ్చారు.

దిండిలో గడ్డకట్టే చలి ఎక్కడిదీ అంటారేమో. పంపు ఆగి, బోటు ట్యాంకు అడుగంటి, గీజరు దగ్గరుండే, వెనక్కి పోనివ్వని ఆ వాల్వు పాడైతే గీజరులో నీళ్లు వెనక్కి జారిపోతాయి. ఫలితం అదే. అసలు గీజరులోంచి వేడినీళ్లు వాటంతట అవి రావండీ, చల్లనీళ్లు లోపలికి వచ్చి తోస్తేనే బయటికొస్తాయి. కాబట్టి ట్యాంకు ఎప్పుడు ఖాళీ అయినా వేడి కుళాయి తెరిచి ఉంచండి. గాలి బుసబుసలన్నీ పోయి ధార నిలకడగా పడ్డాకే స్విచ్చి.

గోరువెచ్చగా వస్తున్నాయి, వోల్టేజీ బాగానే ఉంది అంటారా? అప్పుడు చల్లనీళ్లు ఎక్కడో వేడిగొట్టంలోకి దొంగదారి పట్టాయి. బాత్‌రూముల్లో చేతి షవరు బొత్తాం వదిలేసి, వెనక మిక్సరు కుళాయిలు రెండూ తెరిచే ఉంచుతాం చూశారూ, అక్కడే కలుస్తాయి. పరీక్ష సులువు: గీజరుకి వెళ్లే చల్లనీళ్ల వాల్వు కట్టేసి వేడి కుళాయి తిప్పండి. కొన్ని చుక్కలు పడి ఆగిపోవాలి. ఆగకుండా పారుతుంటే ఆ నీళ్లు గీజరులోంచి వచ్చేవి కావు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. గీజరు వెయ్యగానే బోర్డులో ట్రిప్పరు పడిపోతోందని, దాన్ని తీసేసి మామూలు స్విచ్చి పెట్టించుకుంటారు కొందరు. దయచేసి ఆ పని చెయ్యకండి, చెయ్యనివ్వకండి. ఆర్‌సీసీబీ అనే ఆ పెట్టె వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమా అని చూస్తుంది. 30 మిల్లీ ఆంపులు తేడా వచ్చినా, మనిషి ప్రాణం పోకముందే తెంచేస్తుంది. తడి ఒళ్లుతో, తడి నేల మీద నిలబడి నీళ్లు పోసుకునే మనిషికి దానికి మించిన దిక్కు లేదు. అది పడుతోందంటే చాలాసార్లు కాయిల్ పైతొడుగు చిట్లి లోపలి తెల్లపొడికి తడి తగిలిందన్నమాట. కాయిల్‌ని విడదీసి 500 వోల్టుల ఇన్సులేషన్ మీటరు మెగ్గర్‌తో తొడుగుకీ కొసకీ మధ్య చూస్తే తెలిసిపోతుంది. నెలల తరబడి వాడని గీజరైతే పొడి చెమ్మ పీల్చుకుని ఉండొచ్చు, కాయిల్ ఊడదీసి ఆరబెడితే బాగుపడేవీ ఉన్నాయి.

బోటులో ఇంకో మెలిక ఉంది. జనరేటరు న్యూట్రల్‌ని దాని బాడీకీ ఎర్తుకీ కలపకుండా వదిలేస్తే, లీకైన కరెంటుకి తిరిగొచ్చే దారి ఉండదు, ట్రిప్పరుకి తేడా కనిపించదు. అది గోడకి తగిలించిన బొమ్మలా ఉంటుంది. దాని మీదున్న టెస్టు బొత్తాం నొక్కితే మాత్రం అప్పుడూ పడుతుంది, ఎందుకంటే ఆ బొత్తాంకి ఎర్తుతో పనే లేదు. బొత్తాం పనిచేసింది కదాని ఎర్తింగు ఉందనుకోకూడదు. జెట్టీ నుంచి జనరేటరుకి మార్చే స్విచ్చి ఫేజూ న్యూట్రలూ రెంటినీ మార్చేదై ఉండాలి. ఎర్తు తీగ గీజరు బాడీ నుంచి చివరిదాకా తెగకుండా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత మీ కళ్లముందే చూపించుకోండి. మొహమాటపడకండి.

మన ఉప్పునీళ్ల మాట కూడా చెప్పాలి. అంతర్వేది దగ్గర సముద్రం ఎంతో దూరం కాదు. ఎండాకాలం నదిలో నీరు తగ్గితే పోటుతోపాటు ఉప్పు పైకి ఎక్కొస్తుంది. సఖినేటిపల్లి, మలికిపురం వైపు చాలా బోర్లు ఉప్పదనమే. ఆ నీళ్లు కాయిల్ మీద పెచ్చు కడతాయి. పెచ్చు కింద వేడి బయటికి పోలేక కాయిల్ తనను తానే కాల్చుకుంటుంది. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు తినాల్సిన తుప్పుని తను తిని కరిగిపోతుంది. ఉప్పునీళ్ల ఊళ్లో ఏడాదికోసారి విప్పి చూడకపోతే అది తీగముక్కై, తర్వాత తుప్పు ట్యాంకు మీద పడుతుంది. వేణ్ణీళ్లలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే అది ట్యాంకులో చేరిన సూక్ష్మజీవుల పని, దానికి మెగ్నీషియం కడ్డీ తోడవుతుంది. ట్యాంకు బాగా కడిగించి, అల్యూమినియం జింకు కడ్డీ వేయిస్తే తగ్గుతుంది. ప్లగ్గు పిన్నులకీ కనెక్టర్లకీ ఉప్పుగాలికి పచ్చగా చిలుము పడుతుంది. ఇంజిను అదురుకి మరలు వదులౌతాయి. వదులైనచోట వేడెక్కి ప్లగ్గు నల్లబడుతుంది. నెలకోసారి ప్లగ్గు పీకి, మరలన్నీ బిగిస్తే సగం ఫోన్లు తగ్గుతాయి.

వరదలు మొదలై బోటు రేవులో కట్టేసే రోజుల్లో గీజరు ఎంసీబీ దించి, ట్యాంకులో నీళ్లు పూర్తిగా వంపేసి, ఎంసీబీ మీద పెద్దక్షరాలతో రాసిన కాగితం అంటించండి: "నీళ్లు లేవు, స్విచ్చి వెయ్యొద్దు." మళ్లీ బోటు తీసే రోజున నీళ్లు నింపి, వేడి కుళాయిలో ధార చూసినవాడే ఆ కాగితం పీకాలి.