నాలుగు రోటర్లు, ఎనిమిది ప్యాడ్లు, ఒక సీసా ఆయిలు

ముందే చెప్తున్నా, ఇది కార్ల గోల. పడని వాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. ఆగని వాళ్ళకి ఇంకో మాట: ఇందులో హీరో నేను కాదు :)

నా బండి 2016 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్. 2020లో సెకండ్ హ్యాండులో కొన్నా. రెండు లీటర్ల టర్బో ఇంజను, 268 హార్స్ పవర్, ఆరు గేర్ల మాన్యువల్. ఆఫీసు పార్కింగులో కామ్రీలు, టెస్లాల మధ్య బానెట్ మీద నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది. "ఇంత స్పీడు బండి ఎందుకురా, రోజూ 880 మీద పది మైళ్ళ స్పీడులో పాకడానికి?" అని మా పెద్దమ్మ కొడుకు అడిగాడు. అన్నయ్య ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే 2023 జూన్‌లో థండర్‌హిల్ వెళ్ళాను.

తెలియని వాళ్ళ కోసం: థండర్‌హిల్ అంటే ఉత్తర కాలిఫోర్నియాలో విల్లోస్ అనే ఊరి దగ్గరున్న రేస్ ట్రాక్. పెద్ద సర్క్యూట్ మూడు మైళ్ళు. నేను వెళ్ళింది రేసుకి కాదు. మన బండి మనమే తీసుకెళ్ళి, పక్క సీట్లో ఒక ఇన్‌స్ట్రక్టర్ని కూర్చోబెట్టుకుని, ఇరవై నిమిషాల చొప్పున నాలుగైదు విడతలు తిప్పుకునే కార్యక్రమం. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్కలుండవు. ఉండవనే చెప్తారు గానీ, ముందు పోతున్న మియాటాని చూస్తే కాలు ఊరుకుంటుందా?

రెండో విడతలో నా కాలు ఊరుకోలేదు. బయట ఎండ మండిపోతోంది. ఐదో ల్యాప్‌లో పొడవాటి స్ట్రెయిట్ చివర గంటకి వంద మైళ్ళ దగ్గర బ్రేక్ తొక్కాను. పెడల్ మెత్తగా, బూరుగుదూది దిండు మీద కాలేసినట్టు, అలా నేల దాకా వెళ్ళిపోయింది. బండి మాత్రం ఆగట్లేదు. ఇన్‌స్ట్రక్టర్ "పంప్! పంప్!" అని అరిచాడు. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే కొంచెం పట్టింది. అప్పటికే మలుపు దాటిపోయాం. ఎండిన గడ్డిలోకి దూసుకెళ్ళి, దుమ్ము మేఘంలో ఆగాం. ఎవరికీ ఏమీ కాలేదు. నా చేతులు మాత్రం స్టీరింగ్ మీంచి రావడానికి కాస్త టైము పట్టింది.

పిట్ లోకి వచ్చాక ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చావు?"

మార్చలేదు. కొన్న దగ్గర్నుంచీ మూడేళ్ళలో ఒక్కసారి కూడా మార్చలేదు. ఇంజనాయిలు మాత్రం ఐదువేల మైళ్ళకి టంచనుగా మార్చేవాణ్ణి. తప్పు బండిది కాదు, బండివాడిది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకుందాం, ఇంజనీర్లం కదా. నేనూ బండీ ఆయనా కలిపి దాదాపు 1,600 కిలోలు. గంటకి 160 కిలోమీటర్ల నుంచి 60కి తగ్గించాలంటే వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 13.6 లక్షల జూల్స్. నాలుగు లీటర్లకి పైగా నీళ్ళని మామూలు వేడి నుంచి మరిగే దాకా తీసుకెళ్ళడానికి ఇది చాలు. స్టవ్ మీద దీనికి పావుగంట పైనే పడుతుంది, బ్రేకులు నాలుగైదు సెకన్లలో చేస్తాయి. గాలీ ఇంజనూ పంచుకునేది పక్కన పెట్టి, ముందు చక్రాలకి డెబ్భై శాతం వాటా వేసి, ఒక్కో రోటర్ తొమ్మిది కిలోలనుకుంటే, ఒక్క బ్రేకింగ్‌కి ఒక్కో ముందు రోటర్ వంద డిగ్రీల పైన వేడెక్కుతుంది. అది చల్లారేలోపే ఇంకో మలుపు. అంటే రోటర్ అసలు పని వేడిని దాచుకుని, గాలికి వదలడం. బ్రేకంటే 'పట్టుకునేది' అనే అనుకుంటూ వచ్చాను అప్పటిదాకా.

ఆ వేడి ప్యాడ్ లోంచి, పిస్టన్ లోంచి ఫ్లూయిడ్‌కి చేరుతుంది. దీన్ని మన దగ్గర బ్రేక్ ఆయిల్ అంటాం గానీ, ఇది నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం. గాలిలో తేమని మెల్లగా పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే 230, 155. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. ద్రవం నొక్కితే నలగదు, ఆవిరి నలుగుతుంది. మనం తొక్కిందంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది. అదీ నా దూది దిండు.

అంటే జబ్బేమిటో తెలిసిపోయింది, మందు ఖరీదు పదిహేను డాలర్లు. మరి నేనేం చేశాను?

ఆరువందల డాలర్లు పెట్టి నాలుగు రోటర్లు, ఎనిమిది ప్యాడ్లు ఆర్డర్ చేశాను :)

రోటర్లేమో చిల్లులూ గీతలూ ఉన్న రకం. చక్రం సందుల్లోంచి చూస్తే అబ్బో అనిపిస్తాయి. ప్యాడ్లేమో పూర్తిగా ట్రాక్ కోసం చేసినవి, ఆరువందల డిగ్రీల్లో కూడా పట్టు తప్పవని డబ్బా మీదే రాశారు. పాత ప్యాడ్ల నుంచి వచ్చే వాయువులు బయటికి పోవడానికి ఆ చిల్లులు పనికొచ్చేవనీ, ఇప్పటి ప్యాడ్లకి ఆ అవసరం పెద్దగా లేదనీ, పైగా చిల్లు పెట్టడమంటే వేడి దాచుకునే ఇనుముని తీసెయ్యడమేననీ కొనేముందే చదివాను. అన్నీ చదివి కూడా కొన్నాను. బాగున్నాయి మరి! ఒక బగ్‌కి ఒక్క లైను మార్చితే సరిపోయే చోట మాడ్యూలంతా తిరగరాసే పిల్ల ఇంజనీరుని కోడ్ రివ్యూలో ఎన్నిసార్లు తిట్టానో..

మా అపార్ట్‌మెంటులో బండి రిపేర్లు నిషేధం. అందుకని సెప్టెంబర్లో ఒక శనివారం ట్రేసీలో అన్నయ్య వాళ్ళ గరాజ్‌లో దిగాను. అప్పటికి మా నాన్న ఇండియా నుంచి వచ్చి నెలైంది. తిరుపతిలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, ఎక్కువ కాలం తిరుమల ఘాట్ మీదే. ఇక్కడ తోచక సతమతమవుతున్నారు. గరాజ్‌లో సోనా మసూరి బస్తాల పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు, చేతిలో వదిన ఇచ్చిన కాఫీ.

ముందు చక్రాలు సాఫీగా అయిపోయాయి. క్యాలిపర్ విప్పి, బ్రాకెట్ బోల్టులు విప్పి.. తుప్పుకి అతుక్కున్న రోటర్ రాకపోతే దానికి మరలున్న చిన్న చిల్లులు రెండుంటాయి, వాటిలో బోల్టులు బిగిస్తూ పోతే అదే ఊడి వస్తుంది. ఎవరు పెట్టారో గానీ పుణ్యాత్ముడు. క్యాలిపర్ని గొట్టం మీద వేలాడనివ్వకుండా తీగతో కట్టాను. కొత్త రోటర్ల మీది నూనె పూత క్లీనర్‌తో తుడిచాను. యూట్యూబ్‌లో చెప్పినవన్నీ చేశానన్నమాట.

వెనక చక్రం దగ్గర కథ అడ్డం తిరిగింది. రోటర్ కదలదు. బోల్టులు బిగించాను, రబ్బరు సుత్తితో కొట్టాను, తర్వాత మామూలు సుత్తితో కొట్టాను. అరగంట. చెమటలు.

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టి, "హ్యాండ్ బ్రేకు ఏసిపెట్టినావా ఏందిరా?" అన్నారు.

వేసే ఉంది. ఈ బండికి వెనక రోటర్ టోపీ లోపల చిన్న డ్రమ్ముంటుంది, హ్యాండ్ బ్రేక్ దాన్నే పట్టుకుంటుంది. ముందు చక్రాల పని చేసేటప్పుడు వేసి, మర్చిపోయాను. ముందు చక్రాలు దించి, అడ్డు కట్టెలు పెట్టి, బ్రేక్ దించగానే రోటర్ చేతిలోకొచ్చింది. నాన్న నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

తర్వాత ఫ్లూయిడ్. లోపల నాన్న పెడల్ తొక్కుతుంటే, కింద నేను నిపిల్ తిప్పుతూ పాతది తీసేశాం. టీ డికాషన్ రంగులో వచ్చింది. "పట్టుకో", "వదులు", "పట్టుకో", "వదులు". ఆయన కాలు ఎక్కడా తొందరపడలేదు. చిన్నప్పుడు డ్యూటీ నుంచి రాగానే ఆయన ఖాకీ చొక్కాకి వచ్చే వాసన గురించి అడిగాను. "అది లైనింగు వాసన. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు. బ్రేకు మీద కాలు పెట్టుకుని కూచున్నోడు అలిపిరి దాకా రాడు" అన్నారు. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డది, ఇప్పుడు దిగడానికి వాడేది. ఆ రోడ్డు మీద, వెనక సీట్లలో యాభై మంది గోవిందలు చెప్తుంటే, ఆయన రోజూ చేసిన లెక్క నేను పైన జూల్స్‌లో రాసిన లెక్కే.

ఆ రాత్రి ప్యాడ్లు 'బెడ్' చేశాను. అంటే ఖాళీ రోడ్డు మీద అరవై మైళ్ళ నుంచి పదికి, పూర్తిగా ఆగకుండా, పదిసార్లు గట్టిగా తగ్గించి, తర్వాత బ్రేక్ ముట్టుకోకుండా చల్లారనివ్వడం. ప్యాడ్ పదార్థం పల్చటి పొరగా రోటర్ మీద సమంగా అంటుకోవాలి. ఇది సరిగ్గా చెయ్యక, పొర అచ్చులచ్చులుగా అంటితే స్టీరింగ్ అదురుతుంది. అప్పుడు మనం 'రోటర్ వంకరపోయింది' అంటాం, చాలాసార్లు వంకరేమీ ఉండదు.

అక్టోబర్లో మళ్ళీ థండర్‌హిల్. అద్భుతం. చివరి విడత చివరి ల్యాప్ దాకా పెడల్ రాయిలా ఉంది. రోటర్ల వల్లా, ప్యాడ్ల వల్లా, పదిహేను డాలర్ల సీసా వల్లా? తెలీదు. మూడూ ఒకేసారి మార్చాను కాబట్టి ఎప్పటికీ తెలీదు. నాకు మాత్రం సీసా మీదే అనుమానం.

నిజానికి ఇదంతా రాయాలనిపించింది ట్రాక్ గురించి కాదు. నవంబర్ చివర్లో ఒక ఆదివారం పొద్దున గురించి.

ట్రేసీ నుంచి లివర్మోర్ శివ విష్ణు ఆలయానికి బయల్దేరాం, నేనూ నాన్నా. బయట గడ్డకట్టే చలి. ఆల్టమాంట్ కొండల మీదుగా 580 మీద ఇరవై నిమిషాలు, ట్రాఫిక్ లేదు, బ్రేక్ ముట్టుకోవాల్సిన పని పడలేదు. ఎగ్జిట్ తీసుకుని, కింద సిగ్నల్ ఎర్రగా ఉంటే మామూలుగా తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది, ఈసారి దూది కాదు. కానీ బండి తగ్గట్లేదు. రోజూ ఎంత తొక్కితే ఆగుతుందో అంతే తొక్కాను, చెక్కని ఇనుముకేసి రాస్తున్నట్టుంది. ఎదురుగా జీబ్రా క్రాసింగ్ మీద ఒకావిడ స్ట్రోలర్ తోసుకుంటూ వెళ్తోంది. సీట్లోంచి లేచినట్టుగా రెండో కాలి బలం కూడా పెట్టి తొక్కాను. బండి ముందు చక్రాలు గీతల మీదకెళ్ళి ఆగాయి. ఆవిడ స్ట్రోలర్ని తన వైపు లాక్కుని నన్ను చూసింది. అరవలేదు, చెయ్యెత్తలేదు. చూసి, వెళ్ళిపోయింది.

నాన్న కుడికాలు కింద మ్యాట్‌ని తొక్కిపట్టి ఉంది. అక్కడ పెడల్ లేదు.

గుళ్ళో ఒక్క మాట మాట్లాడలేదు. దర్శనం అయ్యాక, పులిహోర తింటూ అడిగారు. "ఆ ప్యాడ్లు నువ్వు కావాలనే ఏసినావా?"

"అవును నాన్నా. ట్రాక్ ప్యాడ్లు అట్లాగే ఉంటాయి, వేడెక్కితేనే పడతాయి. ఆరువందల డిగ్రీల దాకా తట్టుకుంటాయి."

"మనం గుడికి వచ్చింది ఆరువందల డిగ్రీల్లోనా?"

నా దగ్గర సమాధానం లేదు. డబ్బా మీద పెద్దంకె చూశాను, ఆ వేడి గ్రాఫు ఎడం వైపు ఎక్కడ మొదలవుతుందో చూడలేదు. అసలు రోడ్డు మీద ఒక్కసారి ఆగడానికి పాత బ్రేకులే ఎక్కువ. అవి చక్రాన్ని ఏబీఎస్ దాకా పట్టగలిగేవి, ఆ పైన ఆపేది టైర్లే. ట్రాక్ మీద నాకు కావాల్సింది మళ్ళీ మళ్ళీ ఆగడం, ఇంటి దగ్గర కావాల్సింది మొదటిసారి ఆగడం. రెండూ ఒకటే అనుకున్నాను. లోడ్ టెస్టింగ్ చేసుకుంటూ బతికేవాణ్ణి, నాకు తట్టలేదు.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా ఎడంకాలితో బ్రేక్ కొంచెం కొంచెం తాకిస్తూ వెచ్చగా ఉంచుకున్నాను. మాన్యువల్ బండిలో ఆ సర్కస్ మీరు చెయ్యకండి. సాయంత్రమే రోడ్డు ప్యాడ్లు తెచ్చి, రోటర్ల మీది పాత పొర గరుకు కాయితంతో తీసి, మార్చేశాను. నాన్న టార్చి పట్టుకున్నారు. ఇప్పుడు ట్రాక్ రోజుకి ముందు రాత్రి ఆ ప్యాడ్లు, ఇంటికొచ్చాక ఈ ప్యాడ్లు. ముందు చక్రాలకి గంట పని. ఫ్లూయిడ్ ఏడాదికోసారి, ట్రాక్ సీజన్ ముందు.

నాన్న జనవరిలో వెళ్ళిపోయారు. ఫోన్ చేసినప్పుడు 'తిన్నావా' తర్వాత రెండో ప్రశ్న 'ఆయిలు మార్చినావా'.

అన్నట్టు, 2024లో రెండు ట్రాక్ రోజులయ్యాక ఆ అందమైన రోటర్ల చిల్లుల అంచుల్లో వెంట్రుక సందు పగుళ్ళు కనిపించాయి. తీసేసి, చిల్లుల్లేని మామూలువి వేశాను. పాతవి అన్నయ్య గరాజ్‌లోనే ఉన్నాయి. మొదట ఊడదీసిన కంపెనీ రోటర్లలో ఒకటి వదిన కరివేపాకు కుండీ కింద పెట్టుకుంది, గాలికి పడకుండా బాగుందట. రెండో మొక్కకి చిల్లులది కావాలని అడుగుతోంది, నీళ్ళు కిందికి పోతాయని.