నీళ్ళలో చేపకి గీత ఉండదు

చేప బొమ్మ వెయ్యమంటే మనలో చాలామంది ముందు గీత గీస్తాం. ఒక కన్ను, ఒక తోక, మధ్యలో పొలుసులు. బడిలో నేర్చుకున్న ఆ చేప నీళ్ళలోది కాదు, పళ్ళెంలోది.

శాస్త్రగ్రంథాల్లోనూ చాలాకాలం అదే చేప. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. మన తీరంలో పిలుచుకునే పేర్లు కూడా ఎక్కిన పుస్తకం అది. దాని విలువని నేను తక్కువ చెయ్యను. పక్కకి తిప్పి పడుకోబెట్టిన చేపకే కదా రెక్కల్లో ముళ్ళు లెక్కపెట్టగలం. కానీ ఆ చేప చుట్టూ ఉన్నది తెల్లకాగితం. సముద్రం లేదు.

ఎల్సె బోస్టెల్‌మన్ (1882–1961) సముద్రంలోకే దిగింది. బెర్ముడాలో విలియం బీబ్ పరిశోధక బృందానికి ఆమె చిత్రకారిణి. తలకి లోహపు టోపీ తొడుక్కుని, నీటి అడుగున నిలబడి బొమ్మలు వేసింది. 1934లో బీబ్ ఉక్కుగోళంలో 3,028 అడుగుల లోతుకి వెళ్ళాడు. ఆమె ఆ గోళంలో దిగలేదు. అతను చూసి చెప్పిన చేపలకి ఆమె ప్రాణం పోసింది. చూపు అతనిది, రూపం ఆమెది. నీళ్ళు రంగుని ఏం చేస్తాయో, ఎరుపుని అన్నిటికంటే ముందు ఎలా మింగేస్తాయో ఒంటితో ఎరిగిన మనిషి కాబట్టే అది సాధ్యమైందనుకుంటాను.

నేను వేసేది భోజనాల బల్ల మీద, నీటిరంగులతో. మందపాటి కాటన్ కాగితాన్ని రెండువైపులా తడిపి, తడి మెరుపు పోకముందే నీలం వదులుతాను. రంగు దాని దారిన అది పాకుతుంది. చేప వీపు కింది చీకట్లో కలిసిపోతుంది, పొట్ట పైనుంచి పడే వెలుగులో కలిసిపోతుంది. చాలా చేపలు శత్రువు కంటపడకుండా బతికేది ఇలాగే. కంటి చుక్క పెట్టాలంటే మాత్రం కాగితం ఆరేదాకా ఆగాలి. కుంచె ఎప్పుడు ఆనించాలో, ఎప్పుడు ఎత్తెయ్యాలో తెలియకపోతే మిగిలేది బురదే.

స్త్రీల ఆత్మకథలు చదివే నా పనిలోనూ ఇదే పేచీ. సంవత్సరం చెప్పదు, సంఘటన మధ్యలో పొయ్యి మీది పాల దగ్గరికి వెళ్ళిపోతుంది, భర్త మాటొచ్చిన చోట వాక్యం సగంలో ఆగుతుంది. దీనికి విమర్శకులు పెట్టిన పేరు 'పట్టులేని శైలి'. ఎక్కడ ఆగాలో తెలియడం పట్టు కాదా? ఆ ఆగిన చోట ఆమె దేన్ని కాపాడుకుంటోందో అడిగామా?

గీత గీసి లెక్కపెట్టడమూ కావాలి, కాదనను. తేదీలు వెతుకుతాను, పేర్లు సరిచూస్తాను. అయితే లెక్క కుదరడం కోసం ఆమెని నీళ్ళలోంచి బయటికి తియ్యమంటే మాత్రం ఒప్పుకోను.