బోరు నీళ్లూ నల్ల కారూ

కారు కడగడం ఎవరికైనా వస్తుంది. పైపు చేతికిస్తే పిల్లలు కూడా కడిగేస్తారు. కడిగిన తర్వాత తడి తీయడంలోనే మా పనితనం తేలుతుంది. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు ఇళ్ల దగ్గరికే వెళ్లి కార్లు కడుగుతుంటాను. నా సామానంటే రెండు బకెట్లు, చిన్న ప్రెషర్ పంపు, ఒక బ్లోయర్, సంచి నిండా టవళ్లు. పంపు పాడైతే పక్కవాణ్ణి అడిగి తెచ్చుకుంటాను గానీ టవళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వను, ఎవరివీ వాడను.

ఈ వైపు అపార్ట్‌మెంట్లలో సెల్లార్ కుళాయికి వచ్చేవి చాలావరకు బోరు నీళ్లే. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వంటింటిదాకా వస్తాయి. అవి కారుదాకా రాకూడదు కూడా. 2024 మార్చిలో బెంగళూరు నీటి కటకటలో తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది. మనం అంతదాకా తెచ్చుకోనక్కర్లేదు. బోరు నీళ్లతో కడగొచ్చు, కాకపోతే వాటి గుణం తెలిసి కడగాలి. వాటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగే నీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదనీ, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఫరవాలేదనీ మన జాతీయ ప్రమాణం. కారు పెయింటుకు అంత ఓర్పు లేదు.

నమ్మకపోతే వేడెక్కిన నల్ల కారు బానెట్ మీద ఒక్క చుక్క బోరు నీళ్లు వేసి అక్కడే నిలబడి చూడండి. చుక్క పలచబడుతుంది, మాయమవుతుంది, దాని అంచున సన్నటి తెల్ల వలయం మిగులుతుంది. వేలితో రాస్తే గరుగ్గా తగులుతుంది. అప్పటికప్పుడైతే తడిగుడ్డతో పోతుంది. నాలుగు రోజులు ఆగితే వెనిగర్‌లో నీళ్లు కలిపి అద్ది, కరిగాక కడిగెయ్యాలి. ఎండాకాలమంతా అలాగే వదిలేస్తే పాలిష్ తప్ప దారి లేదు. పాలిష్ అంటే మెరుపు తెచ్చిపెట్టడం కాదు, పైపొరను కాస్త కాస్తగా అరగదీయడం. రంగుమీద ఉండే ఆ పారదర్శకమైన క్లియర్ కోట్ మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా పలచన. దాన్ని ఎన్నిసార్లు అరగదీస్తాం?

ఒక రిటైర్డ్ సార్‌ది నేను వెళ్లిన ప్రతిసారీ అదే మాట. "ఎందుకయ్యా ఇంత తుడుపు? ఎండలోకి తీస్తే అదే ఆరిపోతుంది కదా!" "ఆరుతుంది సార్. నీళ్లు పోతాయి, సున్నం ఉండిపోతుంది" అన్నాను. వినలేదు. "మీ బాత్రూం షవర్ చూసుకోండి సార్, దానికి పట్టిందే దీనికీ పడుతుంది" అన్నాక లోపలికి వెళ్లి చూసొచ్చారు. ఆ తర్వాత నన్ను తొందర పెట్టలేదు.

మంచి మనసుతో చేసే ఇంకో పని కూడా కారుకు చేటవుతోంది. ఆర్‌ఓ మెషిన్ బయటికి వదిలే నీళ్లు వృథా కాకూడదని బకెట్‌లో పట్టి, "ఇదిగో తమ్ముడూ, వీటితో కడుగు" అని ఇస్తారు. తాగే నీళ్లలోంచి తీసేసిన ఉప్పులన్నీ చేరేది ఆ బకెట్‌లోకే కదమ్మా! బోరు నీళ్లు అరగంటలో చేసే పని అవి ఇంకా గట్టిగా చేస్తాయి. వాటితో బాత్రూం కడుక్కోండి. కారుకు ఇవ్వాలనుంటే ఏసీ పైపు నుంచి కారే నీళ్లు పట్టివ్వండి. గాలిలోని తేమే చల్లబడి నీరైంది కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. గుడ్డలో వడగట్టి చివరి విడత పోయడానికి దాచుకుంటే మచ్చల బెడద చాలా తగ్గుతుంది. వాననీళ్లూ అంతే.

ఇక పద్ధతి. బండి నీడలో ఉండాలి, బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా తగలాలి. సబ్బు పోయేలా కడిగాక, పైపుకున్న నాజిల్ తీసేసి ఉత్త పైపుతో టాప్ మీంచి మెల్లగా నీళ్లు పారిస్తాను. చిమ్మితే చుక్కలు చుక్కలుగా నిలుస్తాయి. పారిస్తే పొరలా జారిపోతూ, ఉన్న చుక్కల్ని కూడా లాక్కుపోతాయి. సగం తడి అక్కడే పోతుంది. తర్వాత పెద్ద మైక్రోఫైబర్ టవల్‌ను బానెట్ మీద దుప్పటిలా పరిచి, రెండు మూలలూ పట్టుకుని నావైపు లాగుతాను. రుద్దడం ఉండదు. టవలే నీళ్లు తాగుతుంది. టాప్, అద్దాలు, బానెట్, డిక్కీ, పక్కలు, అన్నిటికన్నా చివర కింది అంచులు.

పాత బనియన్లూ లుంగీ ముక్కలూ వద్దంటాను. వాటి కుట్లు గట్టిగా ఉంటాయి, ఇసుక రేణువు చిక్కితే వదలదు. ఎండలో వంగి చూస్తే బండి మీద సాలెగూడులాంటి గీతలు కనబడతాయే, అవి చాలావరకు ఇలా తుడిచి తెచ్చుకున్నవే. కొందరు డబ్బాలో వచ్చే షామీ గుడ్డ వాడతారు. అది నీళ్లు బాగానే పీలుస్తుంది గానీ నున్నగా ఉంటుంది కాబట్టి మట్టిని తనలోకి తీసుకోదు, పెయింట్ మీదే ఈడుస్తుంది. మైక్రోఫైబర్‌కీ నియమాలున్నాయి. మిగతా బట్టలతో కలపకూడదు. బట్టలు మెత్తబడడానికి వేసే ద్రావణం అసలు తగలకూడదు, తగిలితే పీల్చే గుణం పోతుంది. టవల్ నేల మీద పడిందా, ఆ రోజు నుంచి అది చక్రాల టవలే.

తుడిచేశామనుకున్నాక అసలు దొంగలు బయటపడతారు. సైడ్ మిర్రర్ సందులోంచి, డోర్ హ్యాండిల్ వెనక నుంచి, నంబర్ ప్లేట్ కింద నుంచి తీరిగ్గా ఒక్కో ధార దిగుతుంది. బ్లోయర్ ఉన్నది వాటికోసమే. లేకపోతే మిర్రర్ మీద రెండు తట్టులు తట్టి, డోర్లు ఒకసారి తెరిచి మూసి మళ్లీ తుడవండి. డోర్ల లోపలి అంచులు, పెట్రోల్ మూత గూడు, డిక్కీ రబ్బరు మరిచిపోయేవాళ్లే ఎక్కువ. డోర్ అడుగున నీళ్లు పోవడానికి సన్నటి రంధ్రాలుంటాయి. అవి మట్టితో పూడితే నీళ్లు లోపలే నిలిచి డోర్‌ను లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. పైకి పెయింట్ ఉబ్బినప్పుడు గానీ మనకు తెలియదు.

చివరగా బండిని వీధి చివరిదాకా తిప్పి, మెల్లగా నాలుగుసార్లు బ్రేకు నొక్కమంటాను. డిస్కుల తడి పోతుంది. తడి మీదే హ్యాండ్ బ్రేక్ వేసి వానాకాలంలో వారం రోజులు వదిలేస్తే అది పట్టేసి బండి కదలనని మొరాయిస్తుంది.

చాలా ఇళ్లలో తెల్లారి కారు తుడిచేది వాచ్‌మనో, అతని భార్యో. ఒకే బకెట్, ఒకే గుడ్డ, వరసగా కార్లన్నీ. గీతలు పడ్డాయని వాళ్లమీద అరిచే సార్లను రోజూ చూస్తుంటాను. ఆ గుడ్డ ఇచ్చింది ఎవరో మాత్రం ఆ సార్లు ఆలోచించరు. మీ కారు కోసం వేరువేరు రంగుల టవళ్లు రెండు కొని తుడిచేవాళ్ల చేతికివ్వండి. ఒకటి బాడీకి, ఒకటి చక్రాలకి. ఏది దేనికో ఒక్కసారి చెబితే చాలు.