ఉక్కు చానలులో దాగిన బలము

కమ్మరి బండిచక్రమునకు ఇనుపపట్టా వేయుట నేటి విద్యార్థులలో ననేకులు చూచియుండరు. వారి తాతలు చూచియుందురు. పట్టాను చక్రముకంటె కొంచెము చిన్నదిగా చేసి, మంటలో నెఱ్ఱగా కాల్చి, వ్యాకోచించియుండగనే చక్రమునకు తొడిగి నీళ్లు చల్లుదురు. చల్లారిన పట్టా ముడుచుకొనబోయి, ముడుచుకొనలేక, చక్రమును బిగబట్టును. పైకి నిశ్చలముగా నున్నను దానిలో నొక లాగుడు నిలిచియేయుండును. బయటిబరువు లేకుండగనే లోహములో నిలిచియుండు నిట్టి బలమునకు అవశేష ప్రతిబలమని పేరు. కమ్మరి దానిని కోరి తెచ్చుకొనును. ఱేకులకప్పు క్రింద వేయు పలుచని ఉక్కు చానలులో నది కోరకయే చేరును.

గత వేసవిలో కోరుకొండలో నొక కొట్టమునకు కప్పు వేయుచుండగా, పనివాడొక నిడుపాటి చానలును నడుమ కోసెను. కోసినతోడనే ఒక ముక్క నోరు విచ్చుకొనెను, రెండవదాని నోరు ముడుచుకొనెను. యజమాని వంకర సరుకు అంటగట్టిరని అంగడివానిపై మండిపడి, త్రోవను పోవుచున్న నన్ను పిలిచి, "ఏమండీ మేష్టారూ, కోసేదాకా తిన్నగా ఉన్నది కోయగానే వంకర ఎలా పోయిందండీ?" యని యడిగెను. మంచి ప్రశ్నయే.

ఈ చానలును కాల్చి చేయరు. చల్లని ఉక్కుపట్టీని వరుసగా నిలిపిన రోలరుల జతల నడుమ నడిపింతురు. ఒక్కొక్క జత కొంచెము కొంచెముగా వంచును. అడుగుభాగము తిన్నగా సాగిపోవుచుండగా, అంచు పైకి లేచుచు వాలుగా నడచును గనుక దానికి దారి యెక్కువ, అందుచేత అది సాగవలెను. సామాన్యమైన ఉక్కు మీటరునకు సుమారు 1.25 మిల్లీమీటర్లవఱకు సాగి తిరిగి యథాస్థితికి వచ్చును. ఆ హద్దు దాటినచో నిడుపు మిగిలిపోవును. అప్పుడు పొడుగైన అంచును అడుగుభాగము వెనుకకు పట్టియుంచును: అంచులో నొక్కుడు, అడుగున లాగుడు. రెండును సరితూగినంతకాలము చానలు తిన్నగనే కనబడును. కోత ఆ తూనికను చెఱచును. సామాన్యముగా యంత్రమునుండి ముందు వెడలిన కొన లోపలికి ముడుచుకొనును, వెనుకటి కొన విచ్చుకొనును. కావున పనివాని ఱంపముది దోషము కాదు, అంగడివానిదియు కాదు. మెట్లు చాలకుండ తొందరగా వంచిన యంత్రమున నీ వికారము హెచ్చును.

విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున ఎఱ్ఱగా కాల్చి సాగదీయు కమ్మీలకును ఇట్టి బలము తప్పదు. అచ్చట దానికి కారణము అన్నిభాగములు సమముగా చల్లారకుండుట.

పనివాడు సుత్తి నెత్తబోగా నేను వారించితిని. 1996 నవంబరు 6న తూర్పుగోదావరి తీరమును తాకిన తుపానును మన మెఱుగుదుము. ముందే నొక్కుడులోనున్న పలుచని అంచు, గాలిత్రోపునకు మఱికొంత నొక్కుడు పడినచో త్వరగా ముడతపడును. సుత్తిదెబ్బ ఆ బలమును తీసివేయదు. క్రొత్తది చేర్చి, తుత్తునాగపు పూతను పగులగొట్టును. కొలిమిలో కాల్చి తీసివేయుదమన్న, ఉక్కునకు దాదాపు 600 డిగ్రీల వేడి కావలెను. తుత్తునాగము 420 డిగ్రీలకే కరగిపోవును! చివరకు కొనలకు దళసరి పలకలు చేర్చి, బోల్టులు మెల్లమెల్లగా బిగించి దగ్గఱకు తెచ్చిరి. మిక్కిలి విచ్చుకొనిన ముక్కను మాత్రము ప్రక్కన పెట్టించితిని.