ఆప్షన్లు పెట్టే కాలం

రండి, ఆ ఫ్యాను కింద కూర్చోండి. చాయ్ పెట్టమన్నాను. మీరెందుకొచ్చారో ఆ ప్లాస్టిక్ ఫోల్డరే చెబుతోంది. ఎంసెట్ ర్యాంకులొచ్చాక మా హనుమకొండలో ఏ వీధిలో చూసినా ఇదే ఫోల్డరు. లోపలేముంటాయో తెరవకుండానే చెప్తాను: టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి చదివిన బడుల బోనఫైడ్లు, కులం సర్టిఫికెట్టు, మీసేవలో తీసిన ఇన్‌కం సర్టిఫికెట్టు, ర్యాంకు కార్డు. ఫోల్డరు నాన్న చేతిలో, ఓటీపీలొచ్చే ఫోను అమ్మ చేతిలో. ర్యాంకు తెచ్చుకున్న మనిషి మాత్రం వెనకాల నిలబడి, గోడ మీది క్యాలెండర్లో ఏకాదశి ఎప్పుడో చూస్తున్నాడు.

2024లో ఇక్కడ ఎంసెట్ పేరు ఈఏపీసెట్ అయింది గానీ, 1986 నుంచి అంటున్న మాటని నోరు వదలదు. ఎంసెట్ అనే అందాం.

ఈ సలహాలు చెప్పడం నాకు వృత్తి కాదు. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. వెబ్ ఆప్షన్ల వేళకి, అంటే కావాల్సిన కాలేజీల లిస్టు ఆన్‌లైన్లో పెట్టే రోజులకి, వీధిలోవాళ్ళూ, వాళ్ళ బావమరుదులూ, ఆ బావమరుదుల పక్కింటివాళ్ళూ వస్తుంటారు. ఫీజు లేదు. పెరట్లో కాసిన జామకాయలు తెస్తే మాత్రం కాదనను.

ముందుగా మీరు అడగబోయేది నేనే అడిగేస్తాను. "సార్, మావాడికి నలభై వేలు. పైన పెద్ద కాలేజీలు పెడితే, కింద వచ్చేది కూడా పోతదా?" అవునా? అందరూ ఇదే అడుగుతారు. బ్యాంకు మేనేజర్లు కూడా.

పోదు. సీట్లిచ్చే కంప్యూటరు చేసే పని చాలా తేలిక. ఒకటో ర్యాంకు పిల్ల లిస్టు తీస్తుంది. పైనుంచి చూసుకుంటూ, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చేస్తుంది. తర్వాత రెండో ర్యాంకు. అలా వరసగా. రిజర్వేషన్ల లెక్క, ఆడపిల్లల కోటా, లోకల్ నాన్‌లోకల్ అన్నీ కలిపే చూస్తుందిగానీ పద్ధతి మాత్రం ఇదే. మీవాడి వంతు వచ్చేసరికి ముందు ర్యాంకులవాళ్ళు తీసుకోవాల్సినవి తీసుకుని వెళ్ళిపోయుంటారు. అప్పుడు మీవాడి మొదటి ఆప్షన్ చూస్తుంది. లేదా? రెండోది. లేదా? మూడోది. పదకొండోది దొరికితే పదకొండోది. మొదటి పదీ ఎందుకు పెట్టావురా అని అడగదు. దొరకనివి పైన పెట్టినందుకు కిందవాటిలో మీవాడి వంతు వెనక్కి జరగదు. ఆశపడ్డందుకు జరిమానా లేదిక్కడ.

నష్టమెక్కడో తెలుసా? ఎత్తులు వేసేవాళ్ళకి. "ఇది గ్యారంటీగా వస్తుంది" అని ఇష్టం లేని కాలేజీ ఒకటో నంబరులో పెడతారు. గ్యారంటీగా వస్తుంది మరి! ఆరో నంబరులో పెట్టిన, పిల్ల నిజంగా కోరుకున్న కాలేజీలో సీటున్నా, కంప్యూటరు అంతదాకా దిగదు. ఆ సీటు ఈమె కంటే వెనక ర్యాంకువాళ్ళకి పోతుంది. అలాంటి ఇల్లొకటి మా వెనక వీధిలోనే ఉంది. కౌన్సెలింగ్ మాట వస్తే ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరూ ఎవరి మొహం చూడరు.

కాబట్టి సూత్రం ఒకటే: ఇష్టం ప్రకారం పెట్టండి, వచ్చే అవకాశం ప్రకారం కాదు. ఎన్ని పెట్టాలనడానికి హద్దు లేదు. అరవై పెట్టండి, వంద పెట్టండి. చేరనుగాక చేరనన్న కాలేజీని మాత్రం నూరో నంబరులో కూడా పెట్టొద్దు. పెట్టడమంటే అడగడమే. అడిగితే ఇచ్చేస్తుంది.

పోయినేటి లాస్ట్ ర్యాంకుల పట్టిక తెచ్చుకున్నారా? ఏదీ, చూపించండి. ఇదిగో, ఇక్కడే చాలామంది జారిపడతారు. మీవాడు బీసీ-డీ. మీరు స్కెచ్ పెన్ను పెట్టి గీసింది ఓసీ బాయ్స్ గడిలో! పక్కకి రండి, ఇంకా పక్కకి... బీసీ-డీ బాయ్స్. చూశారా, అంకె ఎంత మారిందో? రాదని కొట్టేసినవాటిలో కొన్ని లేచి కూర్చున్నాయి. ఇంకోటి, జేఎన్‌టీయూ అనగానే మీకు కూకట్‌పల్లి ఒక్కటే కనబడుతోంది. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉంది, మంథనిలో ఉంది, సుల్తాన్‌పూర్‌లో ఉంది, సిరిసిల్లలో, వనపర్తిలో ఉంది. అన్నీ యూనివర్సిటీ సొంత కాలేజీలే. వాటి పక్కన గీత లేదేం? ఊళ్ళో పెద్ద హోర్డింగు పెట్టలేదనా?

ఆంధ్ర వైపు చుట్టాలేమన్నా సలహాలు చెప్తే ప్రేమగా విని వదిలేయండి. అక్కడ ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది, ఇక్కడ లేదు. వాళ్ళ లెక్క మనకి అతకదు.

డబ్బు సంగతి పిల్లల ముందు మాట్లాడకూడదంటారు కొందరు. మాట్లాడాలనే నా పట్టు. ప్రైవేటు కాలేజీలో నూటికి డెబ్బై సీట్లు కన్వీనర్ కోటా, ముప్పై మేనేజ్‌మెంటువి. ఫీజు రియింబర్స్‌మెంటుకి అర్హులైన బీసీ, ఈబీసీ పిల్లలకి పదివేల లోపు ర్యాంకొస్తే మొత్తం ఫీజు సర్కారుదే. దాటితే ఏడాదికి 35,000 వరకే, మిగతాది ఇంట్లోవాళ్ళు కట్టాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ఈ ర్యాంకు గీత లేదు. అంటే 9,990కీ 10,010కీ మధ్య చదువులో తేడా ఆవగింజంత, జేబులో తేడా లక్షల్లో. లక్ష దాటిన ఫీజున్న కాలేజీ పైన పెట్టేముందు నాలుగేళ్ళ లెక్క కాగితం మీద వేసి, పిల్లవాడికి చూపించండి. పదిహేడేళ్ళ పిల్లవాడికి అది అర్థమవుతుంది. అర్థం కాదనుకునేది మనమే.

ఇక నా అసలు పని చెప్తాను, నవ్వకండి. నాన్నగారిని కాసేపు బయటికి పంపడం. "ఈ మెమోకి ఇంకో రెండు జిరాక్సులు కావాలండీ, చౌరస్తాలో మంచిగా తీస్తాడు" అంటాను. ఆయన అటు వెళ్ళగానే పిల్లవాడు క్యాలెండరు వదిలి ఇటు తిరుగుతాడు.

"ఏమవుదామనుకుంటున్నావ్?" అని మాత్రం అడగను. ఆ ప్రశ్నకి పిల్లలందరి దగ్గరా ఒకటే జవాబు, "సీఎస్ఈ సార్." రెండేళ్ళు హాస్టల్లో పొద్దున నుంచి రాత్రి దాకా బిట్లు చేసినవాడికి ఇంకేం తెలుస్తుంది? వేరేవి అడుగుతాను. సెలవుల్లో ఏం చేశావు? ఏ చాప్టర్ ఎవరూ చెప్పకుండానే చదివావు? ఇంటి దగ్గర్నించి బస్సులో పోయొస్తావా, హాస్టల్ కావాలా? ఈ చివరి ప్రశ్నకి ఆడపిల్లలు తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, "హాస్టలే సార్" అంటారు. దాన్ని కూడా ఆప్షన్ల లెక్కలోకే తీసుకుంటాను.

పరకాల వైపు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. మేనమామ దగ్గర మోటార్లకి వైండింగ్ చేయడం నేర్చుకున్నాడట. స్టార్టరు ఎందుకు కాలిపోతుందో ఒక్క మాట తడబడకుండా చెప్పాడు. లిస్టు తీసి చూస్తే పైనుంచి కిందిదాకా సీఎస్ఈ, సీఎస్ఎం, సీఎస్డీ, అన్నీ కంప్యూటరు బ్రాంచీలే. కరెంటు బ్రాంచి ఈఈఈ ఒక్కటీ లేదు. "నాయన వద్దన్నడు సార్."

నాయన తిరిగొచ్చాక అన్నాడు: "నౌకర్లన్నీ అండ్లనే ఉన్నయట గద సార్. రేపు వీడు మోటర్లు బాగుచేసుకుంట ఊళ్ళె ఉంటే, నన్ను నలుగురేమంటరు?"

ఆ మాటని కొట్టిపారేయలేదు నేను. ఎకరం అమ్మి చదివించిన మనిషి భయం అది. రాష్ట్రంలో కన్వీనర్ సీట్లలో సగానికి పైగా కంప్యూటరూ దాని పిల్ల బ్రాంచీలే అయినప్పుడు, ఆయనకి వేరేలా ఎలా తోస్తుంది? అందుకే నీతులు చెప్పకుండా పట్టిక ముందు పెట్టాను. వాడి ర్యాంకుకి సీఎస్ఎం కావాలంటే ఊరి చివర, అధ్యాపకులు ఏడాదికోసారి మారే కాలేజీ. అదే ర్యాంకుకి ఈఈఈ అంటే జేఎన్‌టీయూ, నాచుపల్లి. ఫీజు తక్కువ, సర్టిఫికెట్టు మీద యూనివర్సిటీ పేరు. పైగా సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ఏ బ్రాంచి పిల్లల్నైనా తీసుకుంటాయి. ఆయన చాలాసేపు ఆ గడుల మీద వేలు పెట్టి చూశాడు. చివరికి బేరమాడాడు: ముందు వాడివి ఐదు, తర్వాత తనవి ఐదు. సరే అన్నాం. ముందు పెట్టినవే ముందు చూస్తుందని ఆయనకప్పటికే ఒకసారి చెప్పాను, మళ్ళీ చెప్పలేదు.

ఏం చెప్పినా వినకూడనివాళ్ళు ఇద్దరున్నారు. ర్యాంకొచ్చిన రోజు నుంచి మీ నంబరు ఎలా దొరికిందో తెలియకుండా ఫోన్లు చేసే కాలేజీ పీఆర్వో ఒకడు. "సీట్లు అయిపోతున్నయ్, బీ కేటగిరీలో, అదే మేనేజ్‌మెంటు కోటాలో, అడ్వాన్సు కట్టండి" అంటాడు. కన్వీనర్ సీట్లు మొదలే కాకముందు ఏం అయిపోతాయండీ? రెండోవాడు ఇంటర్నెట్ సెంటరు కుర్రాడు. ర్యాంకు చెప్పగానే రెడీమేడ్ లిస్టు ఎక్కించేస్తాడు. వాడికి పాస్‌వర్డ్ చెప్పకండి. ఓటీపీ అసలే చెప్పకండి. ఫ్రీజ్ బటన్ మీవాడే నొక్కాలి, అందులో కాలేజీ కోడ్లు ఒక్కొక్కటీ పైకి చదివి నొక్కాలి. పేర్లు ఒకేలా ఉండి చివర ఒక్క మాట తేడాగా ఉండే కాలేజీలు మన దగ్గర బోలెడు.

2025లో మాక్ అలాట్‌మెంట్ పెట్టారు, మంచి పని చేశారు. ఉత్తుత్తి సీటు ముందే కనబడుతుంది, అది చూసి లిస్టు సర్దుకోవచ్చు. పూర్వం ఈ సౌకర్యమేదీ? అందరూ కౌన్సెలింగ్ సెంటరుకి వెళ్ళి, పిలిచినప్పుడు లోపలికి పోయి, తెర మీద మిగిలిన సీట్లు చూసి అక్కడికక్కడ ఒకటి చెప్పి రావాల్సిందే. నాన్న కుడిచెవిలో, మామ ఎడమచెవిలో.

రెండో విడతకి వెళ్తే మాత్రం నేను చెప్పిన సూత్రానికి ఒక ముడి ఉంది, వినండి. మొదటి విడత ఆప్షన్లు అప్పుడు పనికిరావు, మళ్ళీ పెట్టాలి. కొత్త సీటొస్తే పాతది దానంతటదే పోతుంది, కావాలన్నా తిరిగి రాదు. అందుకని చేతిలో ఉన్నదానికంటే మంచివనుకున్నవే పెట్టండి. అలాంటివి మూడే ఉంటే మూడే. అప్పుడు వంద పెట్టడం తెలివి కాదు.

సీటొచ్చాక స్వీట్ల డబ్బా కంటే ముందు సెల్ఫ్ రిపోర్టింగ్. గడువులోగా వెబ్‌సైట్లో ఫీజు కట్టి ఆ బటన్ నొక్కకపోతే సీటు రద్దు. పోయినేడు ఒకాయన "రియింబర్స్‌మెంటుల ఫీజు సున్నా చూపిస్తుంది కద సార్, ఇంక రిపోర్టేంది?" అంటూ నింపాదిగా మైసూర్‌పాక్ పట్టుకొచ్చాడు. సున్నా ఉన్నా చేయాల్సిందే. అప్పటికప్పుడు ఈ బల్ల మీదే చేయించాను. తర్వాత కాలేజీకి పోయినప్పుడు ఒరిజినల్ టీసీ ఇవ్వండి, మిగతావి జిరాక్సులే. ఒరిజినల్స్ మొత్తం అట్టేపెట్టుకుంటామంటే ఒప్పుకోవద్దు, అలా ఉంచుకోవడానికి వాళ్ళకి వీల్లేదు.